నలభై బకెట్లు

మూడో రోజు పదకొండు గంటలకి నాలుగో బావిలో టేపు ఆరు మీటర్ల యాభై ఒక సెంటీమీటర్ల దగ్గర కూసింది. ఆ అమ్మాయి టేపుని బారెడు పైకి లాగి మళ్లీ దించింది. మళ్లీ అక్కడే కూసింది. మూడోసారీ అంతే. చివరనున్న గుండు నీళ్లకి తగలగానే కూత పెట్టడం తప్ప ఆ టేపుకి ఇంకో విద్య రాదు, అబద్ధమాడటం అసలే రాదు. నిన్న సాయంత్రం ఇదే బావిలో నీళ్లు ఆరు మీటర్ల అరవై ఎనిమిది దగ్గరున్నాయి. గోడ అవతల ఐసు ఫ్యాక్టరీ కొత్త బోరు రెండు రోజులుగా ఊపిరి తీసుకోకుండా తోడుతోంది. ఇక్కడేమో బావిలో నీళ్లు పైకొచ్చాయి.

ఎండ మాడు పగలగొడుతోంది. ఆమె చున్నీతో మెడ తుడుచుకుని అంకె రాసుకుంది. రాసుకుందే గానీ చెయ్యి సంతోషపడలేదు.

ఆమె కాలేజీలో భూగర్భ జలాల చదువు ఆఖరి సంవత్సరంలో ఉంది. నలుగురు విద్యార్థులు, ఒక సారు, ఫ్యాక్టరీ పంపిన వ్యాను. కాలేజీ దీన్ని క్షేత్ర శిక్షణ అంటుంది. ఫ్యాక్టరీ దీన్నే అనుమతి పరీక్ష అంటుంది. ఒకే పనికి రెండు పేర్లేమిటని మొదటి రోజు ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన భోజనం బాగుంది.

పరీక్ష సంగతి చిన్నదే. కొత్త బోరు మోటారుని నలభై ఎనిమిది గంటలు ఆపకుండా నడపాలి. చుట్టుపక్కల నాలుగు బావుల్లో నీళ్లెంత దిగాయో కొలవాలి. దిగితే, బోరు ఆ బావుల కింది నీళ్లని లాక్కుంటోందని అర్థం. దిగకపోతే ఫ్యాక్టరీ ఏడాది పొడుగునా తోడుకోవచ్చు. ఆ రెండు రోజులూ బావుల్లోంచి ఎవరూ చెంబెడు నీళ్లు కూడా తోడకూడదు. అందుకని ఇంటికి మూడు డ్రమ్ముల నీళ్లు పంపి ఫ్యాక్టరీ చేతులు దులుపుకుంది. బావి మీదే బతికేవాళ్ల రెండు రోజుల కూలి గురించి మాత్రం ఎవరూ నోరెత్తలేదు.

మూడు బావులు రోడ్డుకి అవతల, గట్టి రాతినేలలో ఉన్నాయి. వాటిలో మొదటి రోజు నించీ వెంట్రుకవాసి తేడా లేదు. నాలుగోది మాత్రం ఫ్యాక్టరీ వెనక గోడని ఆనుకున్న సందులో, ఆరిళ్ల మధ్య ఉంది. మోటారు వేసిన మొదటి ఆరు గంటల్లోనే అది పద్దెనిమిది సెంటీమీటర్లు దిగింది. తెల్లారి చూస్తే దాదాపు మొదటికొచ్చింది. సారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "పైనించి ఊట వస్తున్నట్టుంది, మంచిదే" అన్నాడు. ఫ్యాక్టరీ మేనేజరైతే ఆ ఊటని తానే పంపినట్టు మురిసిపోయాడు.

ఇప్పుడు ఉప్పు మీటరు వంతు. నీళ్లలో ఎంత ఉప్పు కరిగి ఉందో చెప్పే చిన్న కడ్డీ అది. మొదటి రోజు ఈ బావి నీళ్లకి పదకొండు వందల ఎనభై చూపించింది. ఆమె గొట్టాన్ని తాడుతో దించి పైపైన నీళ్లు పట్టి, మీటరు ముంచింది. ఆరు వందల నలభై.

"పాడైపోయింది" అనుకుంది. కడిగింది. బ్యాటరీ తీసి వేసింది. అదే అంకె. ఈసారి గొట్టాన్ని అడుగుదాకా దించి పట్టింది. పదకొండు వందల డెబ్బై.

అడుగున పాత నీళ్లే ఉన్నాయి. పైన తేలుతున్నవి వేరే నీళ్లు. ఆమె గట్టు మీదే చతికిలబడి ఆ రెండు సీసాల్నీ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూసింది. తర్వాత లేచి, ఎదురింటి అరుగు మీద వరసగా పెట్టిన ఫ్యాక్టరీ డ్రమ్ముల్లో ఒకదాంట్లో మీటరు ముంచింది. మూడు వందల పది. బావిలో పైన తేలుతున్నవి ఈ డ్రమ్ముల నీళ్లే కావాలి.

బావికి ఎడం పక్క ఇల్లు దుప్పట్ల పిన్నిది. ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతుంది గనక సందంతా ఆమెని అలాగే పిలుస్తుంది. రోజుకి అరవై దుప్పట్లు. మొగుడు లారీ మీద పోయి నెలకి రెండుసార్లు ఇల్లు చూస్తాడు. మంచం పట్టిన అత్తగారిని పిన్నే చూసుకుంటుంది. ఆమె వాకిట్లో మూడు డ్రమ్ములూ ఉన్నాయి, మూతలు పెట్టి మరీ. అమ్మాయి ఒక్కో మూతా ఎత్తి చూసింది. మూడూ ఖాళీ.

"పిన్నీ!"

"వస్తున్నా తల్లీ. తిన్నావా?" పిన్ని తలుపు దగ్గరకొచ్చి పైటతో మొహం తుడుచుకుంది. చేతులు నానీ నానీ తెల్లబడిన మనిషి, ఉతుకు లేని ఈ రెండు రోజులకే ఆ చేతులు ఎండిపోయి కనిపించాయి.

"డ్రమ్ముల్లో నీళ్లేమయ్యాయి?"

"వాడుకున్నాం."

"ఇద్దరు మనుషులు ఆరు వందల అరవై లీటర్లు వాడారా?"

పిన్ని అటూ ఇటూ చూసింది. సందులో ఎవరూ లేరని తేల్చుకున్నాక మొహం విప్పారింది. ఏదో మంచిపని చేసి దొరికిపోయినదానిలా నవ్వింది.

"ఎవరితో అనకు. బావిలో పోశా."

"ఎందుకు?"

"ఎందుకంటావేమే! మొదటి రోజు నువ్వేగా చెప్పింది, 'నా మార్కులన్నీ నీ బావి మీదే ఉన్నాయి పిన్నీ' అని. ఆ సాయంత్రం కొలిచినప్పుడల్లా నీళ్లు కిందికే పోతున్నాయి, నీ మొహం వాడిపోతోంది. మా బావి మూలంగా పరాయి ఆడపిల్ల పరీక్ష తప్పుతుందా అని నాకు ముద్ద దిగలేదు. నిన్న పొద్దున్నే ఒక డ్రమ్ము, ఇవాళ పొద్దున్నే రెండు డ్రమ్ములు. అత్తకి తాగడానికి ఒక బిందె ఉంచా, చాలదూ?"

అమ్మాయికి ఒళ్లు మండిపోయింది. "బుద్ధుందా పిన్నీ నీకు? తోడొద్దంటే పోయొచ్చని అర్థమా? రెండు రోజుల పని మట్టిగొట్టుకుపోయింది! నీళ్లు దిగాలి పిన్నీ, దిగేదెంతో చూడ్డానికేగా ఇంత తతంగం! నువ్వు పోసిన నీళ్ల వల్ల దిగలేదని రాస్తారు. దిగలేదని రాస్తే గోడవతల ఆ మోటారు ఇక ఆగదు. వచ్చే ఎండాకాలానికి నీ బావిలో కప్పలు కూడా ఉండవు!"

పిన్ని నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసెయ్యడానికి టైం పట్టింది. "ఏమిటీ?" అంది మెల్లగా. "ఈ కొలతలు మా బావి గురించా?"

ఆ ప్రశ్న అమ్మాయిని చెంపదెబ్బలా తాకింది. మొదటి రోజు ఆరిళ్ల తలుపులూ తట్టింది తనే. 'మోటారు టెస్టు జరుగుతోంది, రెండు రోజులు నీళ్లు తోడకండి' అని చెప్పింది. ఎందుకో చెప్పలేదు. అడిగితే చెప్పేదే. కానీ ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పమనలేదు, చెప్పాలని తనకీ తోచలేదు. ఎవరి నీళ్లని కొలుస్తున్నారో ఆ మనుషులకి తప్ప ఆ కొలత అర్థం అందరికీ తెలుసు. అలాంటి మనిషి మీద తను గొంతు చించుకుంది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"తప్పు నాది పిన్నీ" అంది. "ఎన్ని బకెట్లు పోశావో గుర్తుందా?"

"గుర్తుండకేం? రోజూ అరవై దుప్పట్లు లెక్కపెట్టుకునేదాన్ని." పిన్ని గొంతు వణికింది గానీ లెక్క వణకలేదు. "నలభై ఒకటి. కాదు, నలభై. ఒకటి చెయ్యి జారి గట్టు మీదే పోయింది."

నలభై బకెట్లు, బకెట్టుకి పదిహేను లీటర్లు, నాలుగడుగుల లోపు వెడల్పున్న బావి. అమ్మాయి గట్టు మీద కూర్చుని లెక్క కట్టింది. పోసిన నీళ్లు బావిని దాదాపు యాభై మూడు సెంటీమీటర్లు లేపి ఉంటాయి. అంటే మొదటి కొలత ఆరు మీటర్ల నలభై రెండు నించి కాగితం మీద తొమ్మిది సెంటీమీటర్లే దిగిన బావి నిజానికి రెండడుగులకి పైనే దిగి ఉండాలి.

సారు ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చుని నివేదిక రాస్తున్నాడు. మంచివాడే. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం ఆయనది. పిల్లలకి ఎండదెబ్బ తగలకుండా తన జేబులోంచి మజ్జిగ తెప్పిస్తాడు. ఆమె సీసాలు చూపించి, లెక్క చూపించి, జరిగిందంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఆ బావిని తీసేద్దాం" అన్నాడు చివరికి. "బయటి నీళ్లు కలిసిన బావిని లెక్కలోకి తీసుకోకూడదు. పుస్తకంలో ఉన్న మాటే ఇది."

"తీసేస్తే మిగిలేవి రోడ్డవతల మూడూ. ఆ రాతినేలలో తేడా రాదని మీకూ తెలుసు కదా సార్. బకెట్ల లెక్కతో సహా రాద్దాం."

"ఒకావిడ నోటిలెక్క నివేదికలో ఎలా రాస్తాం?"

"పోనీ మోటారు ఆపాక కొలుద్దాం సార్. ఆపిన తర్వాత నీళ్లు ఎలా పైకొస్తాయో కొలిచినా అంతే సమాచారం దొరుకుతుందని క్లాసులో మీరే చెప్పారు. ఇవాళ నాలుగింటికి ఆపుతారు. రేపు పొద్దుటిదాకా కొలిస్తే చాలు. బోరు ఆ బావిని లాగుతుంటే, ఆపగానే బావి లేస్తుంది."

సారు పెన్ను మూత పెట్టాడు, తీశాడు. "ప్లానులో అది లేదమ్మా. వ్యాను నాలుగున్నరకి బయల్దేరుతుంది. సోమవారం పొద్దున్నే అనుమతి విచారణ. మన ల్యాబులో ఉన్న ఈ ఉప్పు మీటర్లు ఎవరు కొనిచ్చారనుకున్నావు?" అన్నాడు. ఆ ఆఖరి మాట అన్నాక ఆమె వంక చూడలేక గోడ గడియారం వంక చూశాడు.

మూడున్నరకి నలుగుర్నీ పిలిచి కాగితం ముందు పెట్టాడు. ముగ్గురు గబగబా సంతకాలు చేశారు. ఆమె చదివింది. 'నాలుగో బావి: బయటివాళ్ల జోక్యం వల్ల వదిలివేయడమైనది. మిగిలిన బావులపై బోరు ప్రభావం లేదు.'

"బయటివాళ్లా?" అంది. "ఆ బావి వాళ్లదే కదా సార్. బయటివాళ్లం మనం."

"మాటలకేం గానీ, సంతకం పెట్టు."

"పెట్టను సార్."

పక్కనున్న కుర్రాడు, మొదటి బావి కొలిచినవాడు, ఆమె మోచెయ్యి గిల్లాడు. "నీకేమైనా పిచ్చా? నీ సంతకం లేకపోతే మా ముగ్గురి శిక్షణా మునుగుతుంది."

ఆమెకి భయం వేసింది. ఇంటి దగ్గర కుట్టుమిషను తొక్కి తొక్కి మోకాళ్లు అరిగిన అమ్మ గుర్తొచ్చింది. ఇంకో ఏడాది ఫీజంటే అమ్మ ఏమీ అనదు, అదే బాధ. "వీళ్ల ముగ్గురినీ పాసు చెయ్యండి సార్" అంది. "నా పేరు కొట్టెయ్యండి. నేను ఆగి బావి కొలుస్తా. విచారణలో ఎవరైనా మాట్లాడొచ్చని గేటు మీద నోటీసు అంటించారు."

సారు కోప్పడతాడనుకుంది. ఆయన కోప్పడలేదు. "టేపు సోమవారం దాకా నీ పేరు మీదే రాసి ఉంది" అన్నాడు కాగితాలు సర్దుకుంటూ. "పోగొట్టకు." అది సాయమో, చేతులు కడుక్కోవడమో ఆమెకి తెలియలేదు. ఆయనకైనా తెలుసో లేదో.

టేపు భుజాన వేసుకుని సందు మలుపు తిరిగిన ఆమె అక్కడే ఆగిపోయింది.

బావి చుట్టూ ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు. ఒక్కొక్కరి పక్కన రెండేసి బకెట్లు. నాలుగింటిదాకా తోడొద్దని తనే చెప్పింది, వాళ్లు మాట మీద నిలబడ్డారు. ఇప్పుడు గోడ అవతల మోటారు చప్పుడు ఎప్పుడాగుతుందా అని చెవులు రిక్కించి చూస్తున్నారు. వాళ్ల వెనక మూటల బండి ఆగి ఉంది. రెండు రోజులుగా పేరుకున్న ఆసుపత్రి దుప్పట్లు కొండలా ఉన్నాయి. బండివాడు బీడీ కాలుస్తూ, "అక్కా, రేపు మధ్యాహ్నానికల్లా ఆరేసి మడతపెట్టి ఇవ్వాలంట. మళ్లీ నామీద పడతారు" అంటున్నాడు. పిన్ని గిలకకి తాడు ఎక్కించి కూర్చుంది.

మోటారు ఆగగానే పది బకెట్లు ఒక్కసారి బావిలో పడతాయి. ఆ తర్వాత నీళ్లు లేచినా దిగినా ఎవరివల్లో ఏ టేపూ చెప్పలేదు.

"అమ్మా, అందరూ ఒక్కమాట వినండి" అంది. గట్టు ఎక్కి మళ్లీ అంది. ఈసారి ఏదీ దాచుకోలేదు. టెస్టు ఎందుకో, బోరు ఎంత లోతో, తొమ్మిది సెంటీమీటర్లకీ రెండడుగులకీ తేడా ఏమిటో, ఆ కాగితంలో ఏం రాశారో చెప్పింది. పిన్ని పేరెత్తకుండా నీళ్లు కలిశాయని మాత్రం అంది. రేపు పొద్దున ఎనిమిదింటిదాకా బావిని ముట్టుకోకుండా ఉంటే నిజం తేలుతుందంది.

"తేలితే ఫ్యాక్టరీ బోరు మూసేస్తారా?" వరసలో ముందున్న లావుపాటావిడ అడిగింది. చంటిబిడ్డ తల్లి ఆవిడ.

అవునని చెప్పడం ఎంత తేలిక. "తెలీదు" అంది. "నేను తీసుకెళ్లి చూపిస్తా. వింటారో లేదో తెలీదు. మీలో ఎవరైనా వస్తే బావుంటుంది."

సందు భగ్గుమంది.

"చూశావా, మళ్లీ మనకే బోధ! డ్రమ్ములెప్పుడో అయిపోయాయి, పిల్లాడి గుడ్డలు రెండు రోజుల్నించి కంపు కొడుతున్నాయి."

"రెండు రోజులన్నావు, ఆగాం. ఇప్పుడు ఇంకో పూటంటావు. రేపు ఇంకో వారమంటావు. నీదేం పోయింది, బ్యాగు సర్దుకుని పోతావు."

"వ్యాను వెళ్లిపోతోంది. నేను పోవడం లేదు" అంది అమ్మాయి. ఆ మాట ఎవరికీ వినబడలేదు.

"అంత తెలిసినదానివి, ఈ ముక్క మొన్న చెప్పి ఉండకూడదూ?" అంది ఇంకొకావిడ. అమ్మాయి తల దించుకుంది.

అప్పుడు పిన్ని లేచింది.

"నీళ్లు కలిపింది నేనే" అంది గట్టిగా. "నా డ్రమ్ములే. ఈ పిల్ల పరీక్ష పోతుందని పోశా. తెలిసి చేసింది కాదు. కానీ చేసింది మాత్రం నేనే." ఆమె గిలక మీంచి తాడు లాగేసి, బకెట్టు విప్పి, గోడవారగా పెట్టింది. తర్వాత బండివాడి వైపు తిరిగింది.

"మూటలు వెనక్కి తీసుకుపో."

"ఏంటక్కా?" వాడి బీడీ వేళ్ల మధ్యే ఉండిపోయింది.

"ఇవాళ దించుకోను. రేపు తొమ్మిదింటికి తీసుకురా. మర్నాటికి ఇస్తానని చెప్పు."

"అట్లా ఎట్లా చెప్తా? ఆసుపత్రి పెద్దమనిషి ఊరుకుంటాడా? ఆ పైవీధిలో ఇద్దరు ఈ పని కోసం కాచుక్కూర్చున్నారు. ఇవాళ నువ్వు వద్దంటే రేపట్నించి బండి అటే పోద్ది. పదకొండేళ్ల పని అక్కా!"

"తెలుసు."

"ఆలోచించుకో."

"పదకొండేళ్లలో ఒక్క మూటని కూడా వద్దనలేదురా నేను" అంది పిన్ని. "జ్వరమొచ్చినా ఉతికా. అత్త పడిపోయిన రోజూ ఉతికా. ఇవాళ వద్దంటున్నా. పో."

వాడు ఆమె మనసు మారుతుందేమోనని బండి చక్రాన్ని కాలితో తన్నాడు, తాడు బిగించాడు. తర్వాత గొణుక్కుంటూ బండి తిప్పుకున్నాడు. దుప్పట్ల కొండ ఊగుతూ సందు మలుపు దాకా పోయింది. పిన్ని చూస్తూ నిలబడింది. బండి కనుమరుగయ్యాక గోడ పట్టుకుంది.

అదే సమయానికి గోడ అవతల మోటారు ఆగింది.

రెండు రోజులుగా చెవుల్లో గింగురుమన్న మోత ఒక్కసారి పోయేసరికి సందంతా ఖాళీ అయినట్టనిపించింది. ఎవరింట్లోనో ముసలిదగ్గు వినిపించింది. రోడ్డు మీద వ్యాను రెండుసార్లు హారను కొట్టింది. అమ్మాయి అటు తిరగలేదు. టేపు దించింది. ఆరు మీటర్ల డెబ్భై రెండు, పదకొండు గంటలప్పటికంటే ఇరవై ఒకటి కిందికి. పుస్తకంలో నాలుగు గంటలని రాసి పక్కన అంకె వేసింది.

అయిదు నిమిషాలకి మళ్లీ దించింది. డెబ్భై రెండే.

పది నిమిషాలకి కూడా డెబ్భై రెండే. లావుపాటావిడ చంకలో బిడ్డ ఏడుపందుకుంది. ఆవిడ బావి వంక చూసింది, గోడవారనున్న తాడు వంక చూసింది, పిన్ని వంక చూసింది. ఒక అడుగు ముందుకి వేసింది.

అమ్మాయి టేపు పట్టుకుని ఆవిడనే చూసింది. ఆవిడొచ్చి తోడుకుంటానంటే ఆపే హక్కు తనకి లేదు.

ఆవిడ తన ఖాళీ బకెట్టుని గట్టు పక్కన బోర్లించి, దాని మీద కూలబడి, బిడ్డని ఒళ్లోకి తీసుకుంది. "కొలువు" అంది విసుగ్గా. మిగతావాళ్లు బకెట్లు చేత్తో పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నారు.